నాలుగింటి వణుకు

మా క్యాంపు డాబా మీద ఒక తెల్లటి పెట్టె ఉంది. పాతకాలపు టీవీ అంత ఉంటుంది. ముందు వైపు గుండ్రటి అద్దం. ఆ అద్దం తుడవడం నా ఉద్యోగం. ఇరవై రెండేళ్లు గల్ఫ్‌లో ఎండాక, నలభై తొమ్మిదో ఏట నాకు దక్కిన హోదా అది. కాగితం మీద హెల్పర్ అని రాశారు. ఎవరికి హెల్పరో రాయలేదు. డాబా మీద నేనొక్కణ్ణే ఉంటాను.

అయినా ఆ ఉద్యోగం జోలికి ఎవరైనా వస్తే ఊరుకునేవాణ్ణి కాదు. అంతకు ముందు పదేళ్లు రువైస్‌లో చేశాను. అక్కడ రిఫైనరీని అప్పుడప్పుడు ఆపుతారు. ఆపినప్పుడు మాలాంటివాళ్లు ట్యాంకుల్లోకి దిగి అడుగున పేరుకున్న మడ్డి గీకాలి. నిచ్చెనలెక్కీ దిగీ నా మోకాళ్లు నూనె చూడని తలుపుల్లా తయారయ్యాయి. ఇప్పుడు లేచి నిలబడితే పక్కమంచం మీదివాడికి మెలకువ వస్తుంది. అందుకే మఫ్రఖ్ క్యాంపుకి మార్చి, రేకు నీడలో కుర్చీ వేసి, అద్దం తుడవమన్నప్పుడు నోరు మూసుకుని తుడిచాను.

ఆ పెట్టె ఎందుకంటే, మా కంపెనీ ఆఫీసు హైవేకి అవతల తొమ్మిదంతస్తుల బిల్డింగులో ఉంది. మా క్యాంపు, యార్డు ఇవతల. మధ్య దూరం పద్నాలుగు వందల మీటర్లు. కంప్యూటర్ల తీగ వెయ్యాలంటే హైవే కింద తవ్వాలి, తవ్వాలంటే అనుమతి కావాలి. ఆ అనుమతి కోసం తిరిగినవాళ్లలో ఇద్దరు రిటైరై ఇళ్లకు వెళ్లిపోయారు. చివరికి తీగ వద్దు, వెలుతురు మీద పంపుదాం అన్నారు. అవతలి డాబా మీద ఒక పెట్టె, ఇవతల ఒక పెట్టె. అది చిమ్మిన వెలుతురు ఇది పడుతుంది, ఇది చిమ్మింది అది పడుతుంది. కంటికి కనబడదు. కనబడని పని కాబట్టి ఆఫీసులో అందరికీ దాని మీద గొప్ప నమ్మకం.

2023 అక్టోబరు రెండో తారీకున పరీక్ష మొదలుపెట్టారు. షరతు ఒక్కటే. నెలాఖరు లోపల వరసగా పది రోజులు లింకు ఒక్కసారి కూడా తెగకూడదు. తెగితే పెట్టెలు విప్పి స్టోరుకు, నన్ను విప్పి రువైస్‌కు.

పెట్టె వెనక చిన్న తెర ఉంటుంది. ఎంత వెలుతురు చేరుతోందో అందులో నంబరు కనబడుతుంది. పొద్దున ఏడింటికి తొంభై. మధ్యాహ్నం డెబ్భైకి వస్తుంది. ఇరవై కంటే కిందికి పడితే లింకు తెగినట్టే. అరగంటకోసారి ఆ నంబరు నోటుబుక్కులో రాయమన్నారు, రాసేవాణ్ణి. బడి ఆరో తరగతితో అయిపోయినా నా అంకెలు ముత్యాల్లా ఉంటాయి. అక్షరాల సంగతి అడక్కండి.

మధ్యాహ్నం డెబ్భైకి పడి, ఎండ తగ్గేకొద్దీ నంబరు మళ్లీ పెరగాలి. పెరిగేది కూడా. మూడున్నరకు ఎనభై. ఆ తర్వాత సరిగ్గా నాలుగింటికి దానికి చలిజ్వరం వచ్చేది. యాభై, ముప్పై, ఎనభై, పది, అరవై. ఆరింటి దాకా అదే వణుకు. రోజూ పదిహేను ఇరవై సార్లు తెగేది.

మొదటి వారం అయ్యాక ఇంజినీరు స్నిగ్ధ వచ్చింది. విజయవాడ పిల్ల, ఇరవై ఏడేళ్లుంటాయి. నెత్తిన హెల్మెట్, చేతిలో ల్యాప్‌టాప్. నాలుగంతస్తుల మెట్లెక్కి వచ్చి కూడా ఆయాసపడకుండా నమస్కారం పెట్టింది. నన్ను గారు అని పిలిచిన ఇంజినీరు ఆ పిల్ల ఒక్కతే.

"లింబాద్రి గారూ, అద్దం రోజూ తుడుస్తున్నారు కదండీ?"

"తుడుస్తున్న మేడమ్. అద్దం అరిగిపోయేటట్టు ఉంది."

"అద్దం కాదులెండి, గాలి. గాలంతా ఒకే వేడిలో ఉండదు. వేడి ముద్దలు, చల్ల ముద్దలు కలిసి తిరుగుతుంటాయి. ఒక్కో ముద్దలోంచి వచ్చేటప్పుడు వెలుతురు కాస్త కాస్త వంగుతుంది. అందుకే నక్షత్రాలు మిణుకుమంటాయి."

"రువైస్ రోడ్డు మీద మధ్యాహ్నం ముందుపోయే లారీ టైర్లు నీళ్లల్ల తేలుతయి. గదేనా?"

"అదేనండి. ఇక్కడ ఇంకో చిక్కుంది. ఈ అద్దం ఇంత పెద్దగా ఉందా, లోపల వెలుతురు పట్టే ముక్క మాత్రం నువ్వుగింజంత. అద్దం వెలుతురంతా పోగుచేసి ఆ గింజ మీద వేస్తుంది. వంగి వచ్చిందనుకోండి, గింజ పక్కన పడుతుంది. పక్కన ఎంత పడ్డా లెక్కలోకి రాదు."

అది నాకు వెంటనే ఎక్కింది. నా బతుకంతా గింజ పక్కన పడిందే.

"మరి గాలి నాలుగింటికే ఎందుకు లేస్తది మేడమ్?"

ఆ పిల్ల హైవే వైపు చూసింది. "అదే తెలియట్లేదు. సాయంత్రం తగ్గాలి నిజానికి."

ఆమెకు తెలియలేదు కానీ అభిలాష్‌కు తెలుసు. అభిలాష్‌కు అన్నీ తెలుసు. దుబాయ్ ఆఫీసులో సాఫ్ట్‌వేర్ చూస్తాడు. మా డాబాని ఫోటోలో తప్ప చూడలేదు. రోజూ ఐదింటికి ఫోన్ చేసేవాడు.

"అంకుల్, ఇది అట్మాస్ఫియర్ అంకుల్. మీకు అర్థం కాదు. నేను కొత్త వెర్షన్ వేస్తున్నా, మీరు పెట్టె ముట్టుకోకండి."

వాడికి ముప్పై నాలుగేళ్లు. నేను ఏ లెక్కన అంకులో నాకు తెలియదు. వాడు వెర్షన్ వేసేవాడు, నాలుగింటికి వణుకు వచ్చేది. మళ్లీ వేసేవాడు, మళ్లీ వచ్చేది.

అక్టోబరు పదిహేను ఆదివారం. ఆఫీసుకు సెలవు, సైటుకు సెలవు, క్యాంపు అంతా నిద్ర. నేను డాబా మీదే ఉన్నాను. ఆదివారం నంబరు రాయమని ఎవరూ చెప్పలేదు, వద్దనీ చెప్పలేదు. గదిలో ఆరుగురు గురక పెడుతుంటే అక్కడ కూర్చోవడం కంటే అంకెలు రాసుకోవడం నయం.

పదింటికి చూస్తే నంబరు ఎనభై ఎనిమిది. పదింబావుకు నలభై. తర్వాత పన్నెండు. తర్వాత డెబ్భై. తర్వాత తొమ్మిది. చలిజ్వరం పొద్దున్నే వచ్చేసింది.

పెట్టె పక్కన గురి చూసుకోవడానికి చిన్న దుర్భిణి బిగించి ఉంటుంది. కన్ను ఆనించాను. అవతలి బిల్డింగు మీద విమానాల కోసం పెట్టిన ఎర్రదీపం కనబడుతుంది అందులో. మధ్యాహ్నపు వణుకు నాకు తెలుసు. అప్పుడు బిల్డింగు బిల్డింగంతా అడుగు నుంచి పైదాకా మరుగుతున్న పాలలా ఉంటుంది. ఇది అది కాదు. బిల్డింగు కుదురుగానే ఉంది. ఉన్నట్టుండి ఎడమ అంచు చెదిరేది, ఆ చెదురు కుడికి పాకేది, దీపం ఎగిరి పడేది. మళ్లీ కుదురు. మళ్లీ ఎడమ నుంచి. ఎవరో పక్కన నిలబడి ఉఫ్ ఉఫ్ అని ఊదుతున్నట్టు.

మధ్యాహ్నం ఒంటిగంటకు తగ్గిపోయింది. సాయంత్రం నాలుగింటికి కళ్లు పత్తికాయలు చేసుకుని చూశాను. ఎనభై నాలుగు. నాలుగున్నరకు ఎనభై ఆరు. వణుకు రాలేదు.

నోటుబుక్కు వెనక్కి తిప్పాను. ఎనిమిదో తారీకు ఆదివారం. పొద్దున పది నుంచి వణుకు, సాయంత్రం ఏమీ లేదు. రాసింది నేనే. రాసి, చూసుకోలేదు.

సూర్యుడికి ఆదివారం ఏమిటో తెలియదు. ఇదెవరో ఆదివారం వేళ మార్చుకునేవాడి పని.

పిట్టగోడ మీంచి కిందికి వంగాను. డాబాకు ఎదురుగా, కాస్త ఎడమగా, మెస్ వంటగది. దాని కప్పు మీంచి రేకు పొగగొట్టం మా పెట్టె ఎత్తుకు రెండు గజాల తక్కువ దాకా లేచి ఉంది. పొగ లేదు. గ్యాసు పొయ్యి కదా, పొగ రాదు. అందుకే ఇన్నాళ్లు ఎవరి కంటా పడలేదు. కానీ గొట్టం మూతి వెనక కనబడే నీళ్ల ట్యాంకు మీది అక్షరాలు మాత్రం ఈత కొడుతున్నాయి. ఇంజినీర్లు పెట్టె బిగించింది పొద్దున ఎనిమిదింటికి. ఆ వేళప్పుడు ఆ గొట్టం చల్లగా పడి ఉంటుంది. కింద ఏముందని ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. నా కళ్లకి అది వంటగది, అంతే.

అది షాహుల్ తందూరు. సైటు బస్సులు ఐదున్నరకు వస్తాయి, కాబట్టి మామూలు రోజుల్లో మూడున్నరకు వెలిగించి నాలుగింటికల్లా రొట్టె మొదలుపెడతాడు. ఆదివారం మాత్రం పొద్దున తొమ్మిదిన్నరకు వెలిగిస్తాడు, పన్నెండింటికి అందరూ కూర్చుని తింటారు కాబట్టి. ఆదివారం సాయంత్రం మిగిలిన అన్నమే.

షాహుల్‌ది కడప. నాకంటే మూడేళ్లు చిన్న. నోరు మాత్రం నాకంటే ముప్పై ఏళ్లు పెద్ద. మఫ్రఖ్ చుట్టుపక్కల క్యాంపులన్నిటిలో ప్యాకెట్లో వచ్చే చల్లటి కుబూస్ రొట్టె తింటుంటే, మా ఒక్క క్యాంపులో మూడు వందల నలభై మంది వేడి రొట్టె తింటున్నారంటే వాడి చలవే. పెషావర్ ఉస్తాదు దగ్గర నేర్చుకుని ఆ తందూరు సొంత చేతులతో కట్టాడు. క్యాంపు బాస్ రత్నబాబుకు మాత్రం అది కంట్లో నలుసు. ఫైర్ తనిఖీవాళ్లు వచ్చినప్పుడల్లా దాని గురించే అడుగుతారట. దాన్ని తీసేసి కుబూస్ ప్యాకెట్లు తెప్పించేస్తే తన తలనొప్పి పోతుంది. ఒక కారణం దొరకడమే తరువాయి. తందూరు లేకపోతే షాహుల్ కూడా అక్కర్లేదు. కుబూస్ ప్యాకెట్ చించడానికి ఉస్తాదు ఎందుకు?

ఆ కారణం ఇప్పుడు నా నోటుబుక్కులో ఉంది. ముత్యాల్లాంటి అంకెల్లో.

రెండు రోజులు ఎవరికీ చెప్పలేదు. నేనేమీ దేవుణ్ణి కాదు. స్నిగ్ధ నంబరు రెండుసార్లు నొక్కి, మోగకముందే ఆపేశాను. నా మోకాళ్లా, వాడి పొయ్యా? నాకు జీవితంలో ఎవరు అడ్డం పడి మేలు చేశారని నేను చెయ్యాలి? ఇలా అనుకుంటూ మంగళవారం సాయంత్రం కిందికి దిగి వరసలో నిలబడ్డాను. షాహుల్ నా పళ్లెంలో రొట్టె విసిరాడు.

"ఏమబ్బా లింబాద్రీ, మొగం అట్ల పెట్టినావు. అద్దం తుడిచీ తుడిచీ నీ మొగం గూడా తుడుచుకపోయినట్టుందే."

"షాహుల్, జర ఇటు రా. మాట చెప్పాలె."

"ఈడ్నే చెప్పు. తందూరు ఇడిసిపెట్టి నేను యాడికీ రాను."

చెప్పాను. పక్కకు జరిగి, నెమ్మదిగా, మొత్తం. వాడు చివరిదాకా వింటూనే ఆరు రొట్టెలు తీశాడు.

"అంటే నా రొట్టె వేడికి మీ ఎలుతురు వణుకుతాందా?"

"ఔ."

"పద్నాలుగు నూర్ల మీటర్లు యగిరొచ్చిన ఎలుతురు, నా గొట్టం కాడికొచ్చి పడిపోతాందా? ఇంత ఈక ఎలుతురు ఎందుకు తెచ్చినార్రా మీరు?"

"నవ్వులాట కాదు. చెప్తే నీ పొయ్యి పోతది. చెప్పకపోతే నేను రువైస్ పోత."

వాడు ఇనుప చువ్వ పక్కన పెట్టి నన్ను మొదటిసారి చూసినట్టు చూశాడు.

"నా తందూరు ఏడేండ్లనుంచి ఈడ ఉంది. నీ పెట్టె నిన్న గాక మొన్న వచ్చింది. మంచం మీద ఎండ పడితే మంచం జరుపుతావా, సూర్యుణ్ణి జరుపుతావా? జరుపబ్బా నీ పెట్టెని. కాళ్లు లేవు కదా దానికి, అలిగి యాడికీ పోదు."

కోపంతో అన్నాడు. అన్నాక మళ్లీ చువ్వ అందుకున్నాడు. నేను మాత్రం పళ్లెం పట్టుకుని అలాగే నిలబడిపోయాను. వెనకున్న బీహారు మనిషి "యల్లా భాయ్, యల్లా" అని నెట్టేదాకా.

గురువారం స్నిగ్ధ వచ్చింది. నేను నోటుబుక్కు తెరిచి ముందు పెట్టాను. రెండు ఆదివారాల దగ్గర వేలు పెట్టాను. ఆ పిల్ల ల్యాప్‌టాప్ చూసింది, నోటుబుక్కు చూసింది, మళ్లీ ల్యాప్‌టాప్ చూసింది.

"మా దగ్గర ఆదివారాలు లేవండి," అంది మెల్లగా. "ఆఫీసు ఉండదు కదా అని తీసేశాం."

"మీకు లేవు. మాకు వారానికి ఒకటి ఉంటది మేడమ్."

నవ్వింది. తర్వాత పిట్టగోడ దాకా నడిచి కిందికి చూసింది. మూడున్నర దాటింది. గొట్టం మీద గాలి అప్పుడే మెలికలు తిరగడం మొదలైంది.

"ఆ వేడి పెట్టెకి ఇంత దగ్గర్లో ఉంటే వెలుతురు తిన్నగా గింజ మీంచి జారిపోతుంది. అయ్యో, దీని కోసం అభిలాష్ ఐదు వెర్షన్లు రాశాడండీ."

"రాయనీ మేడమ్. సదువుకున్నడు గద. కానీ మీరు రిపోర్టుల తందూరు అని రాయొద్దు. రాస్తే మా క్యాంపు బాస్ దాన్ని తెల్లారి తీసేస్తడు. మూడు నూర్ల నలభై మంది నన్ను బతకనియ్యరు."

ఆమె ముఖం గట్టిపడింది. "కారణం రాయాలి లింబాద్రి గారూ. నేను అబద్ధం రాయను."

నాకు మండింది. ఎంత గారు అన్నా ఇంజినీరు ఇంజినీరే అనుకున్నాను. నోటుబుక్కు మూసేశాను. ఆ పిల్ల మాత్రం డాబా ఎడమ మూల వైపు చూస్తోంది.

"గాలి ఎటు నుంచి వీస్తుందండి సాయంత్రం?"

"ఎడమ నుంచి. సముద్రం దిక్కు నుంచి."

"అంటే వేడంతా కుడికి, మన పెట్టె మీదికి వస్తోంది. పెట్టె ఎడమ మూలలో ఉంటే ఆ వేడి దానికి తగలదు. 'దగ్గర్లో వేడి గాలి పాయ ఉంది, పెట్టె పదహారు మీటర్లు జరిపాం' అని రాస్తాను. అది నిజమే. పాయ ఎక్కణ్ణుంచి వస్తోందని ఎవరూ అడగరు." ల్యాప్‌టాప్ మూస్తూ, "అసలెవరూ చదవరు," అంది.

పెట్టె మీది దుర్భిణి విప్పి ఎడమ మూలకు పట్టుకెళ్లాం. నాలుగుంబావు. కింద షాహుల్ జోరు మీదున్నాడు. దుర్భిణిలోంచి చూస్తే అవతలి ఎర్రదీపం గోడకు కొట్టిన మేకులా ఉంది.

ఒక్కటే అడ్డం. ఆ ఎడమ మూల నిండా బట్టల తీగలు.

క్యాంపులో తీగ అంటే ఏమిటో బయటివాళ్లకు తెలియదు. ఎవరి తీగ వాళ్లదే. జగిత్యాలవాళ్ల తీగ మీద శ్రీకాకుళం బనియన్ పడితే మాట మాట పెరిగేది. బీహారువాళ్ల తీగ, నేపాలీల తీగ, నెల్లూరు తీగ. రెండేళ్ల కింద ఒక దుప్పటి జానెడు అటు జరిగినందుకు రెండు గదులవాళ్లు ఆరు నెలలు పలకరించుకోలేదు. రత్నబాబు అప్పట్లో డాబా మీద సుద్దతో గీతలు గీయించాడు. అవి ఇంకా ఉన్నాయి.

నేను షాహుల్‌కు చెప్పాను. వాడు రొట్టె విసురుతూ ఒక్కొక్కడికి చెప్పాడు. "తీగ కావాల్నా, రొట్టె కావాల్నా? రత్నబాబుకు మాత్రం చెప్పొద్దు." మూడు వందల నలభై మందికి తెలిసిన రహస్యం రత్నబాబుకు తెలియకుండా నిలబడింది. మా క్యాంపు చరిత్రలో అలాంటిది అంతకు ముందు లేదు.

శుక్రవారం పొద్దున్నే, సైటు బస్సు ఎక్కేముందు, తీగలన్నీ ఊడాయి. జగిత్యాలవాడు మేకు పీకుతుంటే బీహారువాడు తాడు చుట్టాడు. రత్నబాబు చప్పుడు విని పైకొచ్చాడు. గోదావరి జిల్లా మనిషి. తిట్టేటప్పుడు కూడా అండీ వదలడు.

"ఏంటండీ ఇది? ఎవరండీ పీకమన్నది? నేను గీతలు గీయించి చచ్చానండీ ఇక్కడ."

"ఇంజినీరు మేడమ్ పెట్టె ఇక్కడ పెట్టాలె అన్నది సార్," అన్నాను.

"అంటే వీళ్లు ఒప్పుకున్నారా? జానెడు తీగకి తలలు పగలగొట్టుకున్న వీళ్లు?"

బీహారువాడు తాడు చుట్టడం వేగం పెంచాడు. చివరికి నెల్లూరు మనిషి గొంతు సవరించుకుని, "కంపెనీ బాగు కోసం సార్," అన్నాడు.

రత్నబాబు ఒక్కొక్కరి ముఖమూ చూశాడు. ఏదో ఉందని ఆయనకు తెలుస్తోంది, ఏమిటో తెలియట్లేదు. "మరి బట్టలెక్కడ ఆరేస్తారండీ?"

"కుడి మూల ఖాళీ అయితది గద సార్."

పెట్టె జరిపే అనుమతి కాగితం మీద సంతకం పెట్టాడు. మెట్లు దిగుతూ "కంపెనీ బాగట," అని తనలో తను రెండుసార్లు అనుకోవడం విన్నాను.

శనివారం పెట్టె జరిపాం. స్నిగ్ధ పొద్దున్నే గురి కట్టేద్దామంది, చల్లగా ఉంటుందని. నేను ఒప్పుకోలేదు. పొద్దుటి గాలిలో కట్టిన గురి సాయంత్రానికి జారుతుంది. ఆ దీపం పొద్దున ఒకచోట, ఎండ ఎక్కాక వెంట్రుక వాసి కింద కనబడుతుందని పదిహేను రోజులుగా చూస్తున్నవాణ్ణి. "ఇబ్బంది పడే వేళకే గురి కట్టాలె మేడమ్. సుఖంగ ఉన్నప్పుడు ఏదైనా నిలబడుతది." ఆమె వాదించలేదు. నాలుగింటికి, తందూరు మండుతుండగా, మరలు బిగించాం. నంబరు ఎనభై ఐదు.

ఇరవై రెండు ఆదివారం నుంచి లెక్క మొదలు. ఆ పది రోజులూ క్యాంపులో ప్రతివాడూ బస్సు దిగి మొదట అడిగే ప్రశ్న ఒకటే, "నంబర్ ఎంత?" షాహుల్ వరసలో నిలబడ్డవాళ్లకి రొట్టెతో పాటు నంబరు కూడా వడ్డించేవాడు. ఎనభై నాలుగు. ఎనభై ఏడు. ఒకరోజు గాలిదుమారం లేచి నలభై రెండుకు వచ్చింది. ఆ సాయంత్రం రొట్టెలు మాడాయి, ఎవరూ ఏమీ అనలేదు. ముప్పై ఒకటో తారీకు సాయంత్రం ఆరింటికి పది రోజులు నిండాయి. ఒక్కసారి కూడా తెగలేదు.

మర్నాడు ఆఫీసు నుంచి అందరికీ మెయిల్ వచ్చిందట. స్నిగ్ధ ఫోన్ చేసి చదివింది, చదువుతూ సిగ్గుపడింది. అభిలాష్ వేసిన ఆరో వెర్షన్ వల్ల సమస్య తీరిందట. వాడది వేసింది మేము పెట్టె జరిపిన శనివారమే. వాడికి అభినందనలు. కింద ఇంకో లైను ఉంది. లింకు ఇప్పుడు దానంతటదే నడుస్తోంది కనుక డాబా హెల్పర్‌ను రువైస్ షట్‌డౌన్ పనికి పంపాలని ముదీర్, అంటే పెద్ద మేనేజరు, ఆదేశం. శుక్రవారం బస్సు.

"నేను మాట్లాడతానండి," అంది.

"ఏం మాట్లాడుతరు మేడమ్. ఖలాస్."

ఆమె మాట్లాడింది. పెట్టె బాగా నడుస్తుంటే మనిషెందుకని ముదీర్ అడిగాడట. పని చెడితే చెడగొట్టావని పంపిస్తారు, బాగుపడితే ఇంక అక్కర్లేదని పంపిస్తారు. ఎటు వంగినా గింజ పక్కనే.

గురువారం పదకొండింటికి గదిలో కూర్చుని పెట్టె సర్దుతున్నాను. నా బట్టల పెట్టె. గౌసియా అని సత్తుపల్లి నర్సమ్మ, మా క్యాంపు క్లినిక్‌కు వారానికోసారి వస్తుంది, నా మోకాళ్లకు పట్టీలు ఇచ్చి "అన్నా, రువైస్‌లో మెట్లు ఎక్కకు" అని చెప్పి వెళ్లింది. రువైస్‌లో మెట్లుండవు, నిచ్చెనలే అని ఆమెతో అనలేదు.

ఫోన్ మోగింది. అభిలాష్.

"అంకుల్, సున్నా అంకుల్. లింకు పూర్తిగా పోయింది. నేను రెండుసార్లు రీస్టార్ట్ చేశాను. అట్మాస్ఫియర్ కూడా బాగానే ఉంది. ముదీర్ ఇక్కడ నా లైన్లోనే ఉన్నాడు. ప్లీజ్ అంకుల్, పైకి వెళ్లి చూడండి."

నాలుగంతస్తులు ఎక్కాను. తొందరపడలేదు. తొందరపడే మోకాళ్లు కావు.

ఎడమ మూలలో, పెట్టె అద్దానికి జానెడు దూరంలో, కొత్తగా ఒక తాడు. తాడు మీద గళ్ల లుంగీ. నాలుగు క్లిప్పులు పెట్టి, అద్దానికి తెర కట్టినట్టు నీటుగా ఆరేసి ఉంది. అంచున గోధుమపిండి. చేత్తో పట్టుకు చూశాను. తడి లేదు. ఇస్త్రీ మడత కూడా పోలేదు.

లుంగీ తీశాను. తెర మీద ఎనభై ఎనిమిది. అప్పుడు స్నిగ్ధ ఫోన్ చేసింది.

"ఏమైందండి?"

"గుడ్డ అడ్డమొచ్చింది మేడమ్. క్యాంపు డాబా గద, గాలికి వస్తయి."

"మళ్లీ రావచ్చంటారా?"

"రావచ్చు. రోజూ రావచ్చు."

అవతల నవ్వు ఆపుకుంటున్నట్టు ఊపిరి వినబడింది.

"అయితే అక్కడ ఎప్పుడూ ఒక మనిషి ఉండాలని రాస్తాను లింబాద్రి గారూ. అది నిజమే."

మూడింటికల్లా ఆదేశం మారింది. పోస్టు పేరు మాత్రం హెల్పరే. కానీ ఈసారి కాగితం మీద దేనికో కూడా రాశారు, 'లింకుకు' అని.

లుంగీ మడత పెట్టి వంటగదికి వెళ్లాను. మూడు ముప్పావు. షాహుల్ పిండి ముద్దలు చేస్తున్నాడు.

"నీ లుంగీ పైన దొరికింది."

"అట్లనా? గాలికి యగిరిపోయి ఉంటాది."

"క్లిప్పులతోనా?"

"కడప క్లిప్పులబ్బా. ఒకసారి పట్టుకున్నాయంటే ఇడవవు." తల ఎత్తకుండానే తందూరులో చెయ్యి పెట్టి మొదటి రొట్టె తీసి నా చేతిలో పడేశాడు. మొదటి రొట్టె ఎప్పుడూ ఒకవైపు మాడుతుంది.

"మాడింది," అన్నాను.

"తింటే తిను. లేకుంటే రువైస్‌కు పో, ఆడ కుబూస్ పెడతారు."

తింటూ పైకెక్కాను. నాలుగింటికి దుర్భిణిలో చూశాను. ఎర్రదీపం మేకులా ఉంది. కుడి పక్కన గొట్టం మీది గాలి ఎప్పట్లాగే మెలికలు తిరుగుతోంది, దాని వెనక ట్యాంకు మీది అక్షరాలు ఈత కొడుతున్నాయి. చేతికి అంటిన నెయ్యి తుడుచుకుని నోటుబుక్కులో ఎనభై ఆరు అని రాశాను.